నాలుగింటి దాకే

బుట్ట వీపుకి తగిలించుకుని
ఎండుపేడ ఏరడానికి నేను బయల్దేరితే
సొద్నొమ్ కూడా లేస్తాడు,
ఉప్పు టీ సగంలో వదిలేసి.
గుడారం తలుపులో నిలబడి కొండవాలంతా చూస్తాడు,
ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకి.
అక్కడేముంటుంది?
మా జడలబర్రెలు పదకొండు,
ఎవరిదో దారితప్పిన గుర్రం, గాలి.

నాకు ఇరవై అడుగుల వెనక నడుస్తాడు.
ఒక్క పిడకా ఏరడు.
ఆడబిడ్డ నవ్వింది, కొత్త పెళ్లికూతుర్ని కాపలా కాస్తున్నాడే అని.
నేనూ నవ్వాను. మొదటి వారం.

దక్షిణ సూడాన్ నుంచి వచ్చి పద్నాలుగు నెలలు.
ఆ డబ్బుతో పాత ట్రక్కు కొన్నాం, సోలార్ పలక,
పిల్లాడికి బొచ్చు బూట్లు.
యుద్ధానికి కాదుగా, శాంతికేగా వెళ్లింది,
ఎండలో కూర్చుని జీతం తెచ్చుకున్నాడు, అన్నారు చుట్టాలు.
నీలం టోపీ తెమూలెన్ తలకి పెట్టుకుంటే
అరవలేదు.
మెల్లగా తీసి పిండి సంచి అడుగున దాచాడు.

విమానం దిగగానే ఒక కాగితం ఇచ్చారట.
నిద్ర ఎలా ఉంది. ఆకలి ఎలా ఉంది.
పాడు కలలేమైనా వస్తున్నాయా.
వెనక వంద మంది వరుస, అద్దం అవతల పెళ్లాం బిడ్డలు.
అన్నిటికీ బాగుంది, బాగుంది అని గీతలు కొట్టాడు.
కలల దగ్గర మాత్రం పెన్ను ఆగిందట,
వెనకవాడు భుజం తట్టేదాకా.

ఇదేదీ ఒక్కరోజు చెప్పింది కాదు.
చేతికి పనున్నప్పుడే నోరు తెరుస్తాడు.
మట్టికట్ట లోపల వేల మంది, అన్నాడొకసారి టైరు బిగిస్తూ.
పొయ్యిలోకి పుల్ల లేదు. బయటికి పోవాలి.
మగవాళ్లు పోతే చంపుతారు.
ఆడవాళ్లు పోతే
అని, బిగిసిన నట్టునే మళ్లీ బిగించాడు.

అక్టోబరులో ఒక సాయంత్రం
బుట్ట నిండక, వెనక్కి తిరిగి వేలు చూపించాను:
ఇంకొంచెం.
అంతే. ఉన్నచోటే గడ్డిలో కూలబడ్డాడు.

అప్పుడు చెప్పాడు న్యాకోత్ గురించి.
కట్టెలకెళ్లే ఆడవాళ్ల వెంట వీళ్ల బండి వెళ్లేదట.
నాలుగింటి దాకే. నాలుగింటికి తిరగాలి, ఆజ్ఞ.
మీ దేశంలో పెళ్లానికి ఎన్ని ఆవులిస్తారని అడిగించిందట ఆమె.
ఒక్క గుర్రం, అదీ కుంటిది, అంటే
నా మీద జాలిపడిందట.
వాళ్ల మాటల్లో ఆవుల రంగులు,
మా మాటల్లో గుర్రాల రంగులు
దారి పొడవునా మార్చుకున్నారట:
నుదుట చుక్కది, బూడిద మచ్చలది,
వాన వచ్చే ముందు మబ్బులాంటిది.

ఆ రోజు ఆమె మోపు నిండలేదు.
వేలు చూపించింది.
ఇతను గడియారం చూపించాడు.
రేడియోలో అడిగాడు.
రేడియో ఆగమంది.
చాలాసేపటికి, తిరిగి రమ్మంది.
బండి తిప్పాడు.
అద్దంలో ఆమె ఇంకా వంగే ఉందట.

తర్వాత ఏమైందని నేను అడగలేదు.
పిండి సంచి అడుగున టోపీ కింద
చిరిగిన గుడ్డలు పేనిన తాడొకటుంది,
మోపుకి చుట్టేంత పొడవు.
చెత్తనుకుని ఒకసారి పొయ్యిలో వెయ్యబోయాను కూడా.

అర్వైఖేర్‌లో ఒక డాక్టరుంది, మందుకంటే ముందు మాట వింటుందట.
ఒక పూట ప్రయాణం. గురువారం వెళ్దామన్నాను.
ట్రక్కు కిందకి దూరి
నూనె చూశాడు, బెల్టు చూశాడు,
చూడ్డానికేమీ మిగలనంతసేపు చూశాడు.
సరే, అన్నాడు కిందనుంచే,
నాలుగింటికల్లా వచ్చెయ్యాలి.

ఆ ఒక్క మాట మాత్రం
నేనివ్వలేదు.